అడ్డుగా పచ్చని కంచె నాటే ముందు

పెరట్లో బత్తాయి, నిమ్మ ఉన్నాయా? నల్లగొండ వైపు చాలా ఇళ్లలో ఉంటాయి. ఉంటే కంచెకు మధుకామిని (తెల్లని వాసన పూల పొద) వద్దు. బత్తాయికి గ్రీనింగ్ తెగులు అంటించే సిల్లా పురుగు దాని లేత చిగుళ్ల మీద కూడా పెరుగుతుంది.

గన్నేరు ఎండకు తట్టుకుంటుంది, కానీ ఆకు, పువ్వు, కాడ అన్నీ విషమే. మేకలు, పిల్లలు తిరిగే చోట నాటకండి. కొమ్మలు కొట్టేస్తే పొయ్యిలో పెట్టొద్దు.

కోనోకార్పస్ అసలే వద్దు, వేర్లు పైపుల్లో దూరతాయి.

చల్క (ఎర్ర ఇసుక) నేలకు గోరింటే మేలు. నీరు మరీ తగ్గితే ఆకు రాలుస్తుంది, ఎండాకాలం తడి ఆపకండి.

- గోడకు 2 అడుగుల దూరం
- మొక్కల మధ్య ఒకటిన్నర అడుగు
- తొలకరి పడ్డాకే నాటు
- అడుగెత్తుకే కొసలు తుంచాలి, లేకుంటే పైన గుబురు, కింద ఖాళీ