రొయ్యల రైతుల జూమ్ మీటింగు: గీ శబ్దం పోగొట్టి, జనాన్ని నిలబెట్టింది ఇలా

కావలి, అల్లూరు వైపు రైతులతో ఆన్‌లైన్ మీటింగు పెడితే ముందు చెడేది మాటే. ఒకే గదిలో రెండు ఫోన్లు కలిస్తే ఒకదాని స్పీకరు మాట ఇంకోదాని మైకులో దూరి గీమంటుంది. రెండోదాని మైకు ఆపితే చాలదు, స్పీకరూ ఆగాలి. జూమ్‌లో ‘డిస్‌కనెక్ట్ ఆడియో’ నొక్కితే రెండూ పోతాయి. చెరువుగట్టు మీద ఏరేటర్ల (నీళ్లకు గాలి పట్టించే యంత్రాల) మోత ఉంటే ఇయర్‌ఫోన్ మైకే దిక్కు.

స్లైడ్లు చదువుతూ పోతే జనం జారుకుంటారు. ఏడెనిమిది నిమిషాలకోసారి ఆపి ఒక్క ప్రశ్న అడగాలి: “తెల్లారుజామున మీ చెరువులో ఆక్సిజన్ ఎంతుంది?” చాట్‌లో అంకె పెడితే చాలు. 4 పీపీఎం (లీటరు నీటికి 4 మిల్లీగ్రాములు) కంటే తక్కువ పెట్టిన రైతునే ముందు పేరుపెట్టి పిలిచి మాట్లాడించండి, అందరూ చెవులు రిక్కిస్తారు. చాట్ చూడ్డానికి వేరే మనిషి ఉండి తీరాలి. ఉచిత ఖాతాలో 40 నిమిషాలకు మీటింగు తెగిపోతుంది, అందుకే రైతుల సందేహాలు 25వ నిమిషానికే మొదలుపెట్టాలి.