బకెట్ ఎందుకు కనబడింది? బొమ్మలో కూర్పు కుదిరే పద్ధతి

మూడు వారాలు కష్టపడి అక్రిలిక్‌లో ఒక బొమ్మ వేశాను. కిటికీ పక్కన కూర్చుని ఉత్తరం చదువుకుంటున్న ముసలావిడ. ముఖంలో ముడతలు ఒక్కొక్కటీ పట్టిపట్టి దిద్దాను. మొదట చూసినాయన అన్న మాట: "బకెట్ భలే వేశారండీ!"

కింద ఎడమ మూల చీకట్లో ఒక తెల్ల బకెట్ ఉంది. నేను చూసి వేసిన గదిలో ఉంది కాబట్టి బొమ్మలోకీ వచ్చేసింది, అంతే. తర్వాత చూసినవాళ్లూ ముందు అక్కడికే వెళ్లారు. వెలుగూ చీకటీ ఎక్కడ గట్టిగా ఎదురుపడితే కన్ను అక్కడికి పోతుంది. నా బొమ్మలో ముఖం లేత రంగు, దాని వెనక గోడా లేత రంగే. బకెట్ తెలుపు, చుట్టూ నలుపు. ఇక ముఖాన్ని ఎవరు చూస్తారు?

అప్పటినుంచి పెద్ద కాగితం ముట్టుకునే ముందు అగ్గిపెట్టెంత పెట్టెలు ఆరు గీసుకుని, ఒక్కోదాంట్లో అదే బొమ్మని ఒక్కోలా అమర్చి చూసుకుంటున్నాను. పెట్టె పొడవు వెడల్పుల నిష్పత్తి అసలు కాగితానిదే ఉండాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. చదరపు పెట్టెలో కుదిరిన కూర్పు, అంటే ఏది ఎక్కడ ఉండాలన్న అమరిక, పొడుగు కాగితం మీదికి వచ్చేసరికి చెదిరిపోతుంది. మొద్దు పెన్సిల్ తీసుకుని తెలుపు, బూడిద, నలుపు అని మూడే టోన్లు వాడండి. కళ్లూ ముక్కూ వద్దు. ఒక్కో పెట్టెకి రెండు నిమిషాలు చాలు. మొదటి రెండూ ఎప్పుడూ చూసిన బొమ్మల్లాగే వస్తాయి. నాకైతే నాలుగో ఐదో పనికొస్తుంది.

పెట్టెలు గీసే ముందు "ఈ బొమ్మలో ముందు ఏం కనబడాలి?" అని మిమ్మల్ని మీరే అడగండి. జవాబు ఒకటే ఉండాలి. అత్యంత తెలుపూ అత్యంత నలుపూ పక్కపక్కన పడే చోటు దానికే ఇవ్వండి, మిగతావాటిని మధ్య టోన్లలో సర్దుకోమనండి. తర్వాత కళ్లు సగం మూసి చూస్తే వివరాలు పోయి పెద్ద మచ్చలే మిగులుతాయి. అప్పుడు ముందుగా తగిలేది మీరు అనుకున్నదేనా?

దాన్ని ఎక్కడ పెట్టాలి అనగానే అందరూ మూడో వంతు సూత్రం చెబుతారు: బొమ్మని నిలువునా అడ్డంగా మూడేసి భాగాలు చేసి, ఆ గీతలు కలిసే చోట ముఖ్యమైనదాన్ని పెట్టమని. 1797లో ఆ పేరు పెట్టిన జాన్ థామస్ స్మిత్ ఇంగ్లండ్‌కు చెందిన చిత్రకారుడు. ఆయన మాట్లాడింది ఇప్పుడు ఫోన్ కెమెరాలో కనబడే నాలుగు కూడళ్ల గురించి కాదు, పాళ్ల గురించి. ఆకాశం, నేల సగం సగం కాకుండా ఒకటికి రెండు పాళ్లలో ఉంటే బాగుంటుందన్నాడు. నాకు పనికొచ్చేదీ అదే. నట్టనడుమ పెట్టకూడదన్న నియమమేమీ లేదు. డావిన్చీ వేసిన 'లాస్ట్ సప్పర్' బొమ్మలో క్రీస్తు సరిగ్గా మధ్యలోనే ఉన్నాడు. గది గీతలన్నీ ఆయన కణత దగ్గర కలుస్తాయి, ఆ గీతలు గీసుకోవడానికి అక్కడ మేకు కొట్టిన గుర్తు కూడా దొరికింది.

సమతూకం అంటే రెండు వైపులా ఒకేలా ఉండటం కాదు. 1831 ప్రాంతంలో జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ చేసిన పెద్ద కెరటం అచ్చుబొమ్మ చూడండి. ఎడమవైపు కెరటం గోళ్లు చాపి లేస్తుంది. ఫుజి కొండేమో కింద, మధ్యకి కాస్త కుడిగా, చిటికెడంత. అయినా బొమ్మ ఎడమకి ఒరిగిపోదు. కొండ చుట్టూ ఖాళీ ఉంది, కెరటం వంపు మన చూపుని దాని మీదికే దించుతుంది. కొండకీ కెరటానికీ నీలం, తెలుపు ఒకటే కావడంతో మొదటిచూపులో కొండ ఇంకో అలలా అనిపిస్తుంది. రంగులూ ఆకారాలూ ఇలా మళ్లీ మళ్లీ వస్తే బొమ్మంతా ఒక్కటిగా నిలుస్తుంది. కాకపోతే సైజు మారుతుండాలి. ఒకే ఎత్తు, ఒకే ఎడంతో పది కంచె గుంజలు గీస్తే చూసేవాడికి నిద్రొస్తుంది.

ఖాళీకి కూడా ఆకారం ఉంటుంది. నడుం మీద చెయ్యి పెట్టుకున్న మనిషిని వేసేటప్పుడు చేతిని వదిలేసి, చేతికీ నడుముకీ మధ్యనున్న ముక్కోణాన్ని గీసి చూడండి. చెయ్యి దానంతటదే సరిగ్గా వస్తుంది.

రెండు వస్తువుల అంచులు ఒకదానికొకటి రాసుకోనివ్వకండి. చెట్టుకొమ్మ కొస సరిగ్గా ఇంటి కప్పు అంచుకి తగిలి ఆగిందంటే రెండూ అతుక్కుపోయినట్టు ఉంటాయి. ఒకదాని మీదికి ఒకటి ఎక్కించండి, లేదా బాగా ఎడం చేయండి.

చివర్లో బొమ్మని అద్దంలో చూడండి, ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేయండి. అద్దంలో ఒరుగుడు బయటపడుతుంది, ఫొటోలో టోన్ల గుట్టు. నా బకెట్ గొడవ నాకు అర్థమైంది ఆ ఫొటోలోనే.

బకెట్‌ని చెరపలేదు. దాని మీద పల్చటి గోధుమరంగు పూత ఒకటి వేశాను, ముఖం వెనక గోడని రెండు పూతలతో ముదురు చేశాను. అరగంట పని. ఆ తర్వాత చూసినావిడ కాసేపు నిలబడి, "ఉత్తరం ఎవరు రాశారు?" అని అడిగింది.