బెంగళూరు పిల్లలకు బండల మీది ప్రాణులు

మొదటిసారే బెంగళూరు దగ్గరి రామనగర ఊరి గుట్టలకు వెళ్లకండి. నగరంలోని లాల్‌బాగ్ తోటలో ఉన్న బండతో మొదలుపెట్టండి. ఆ రాయి వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు, పిల్లలు దాన్ని అరచేత్తో తడిమి చూడాలి.

తర్వాత ఊరి చుట్టుపక్కల రాతిగుట్టలు. ఎండ కాస్త పడ్డాక రాతితొండలు వెచ్చబడటానికి పైకి వస్తాయి. పది అడుగుల దూరంలో కూర్చోబెట్టండి. పిల్లలు పరుగెత్తితే తొండ పగుల్లోకి దూరిపోతుంది, మళ్లీ బయటికి రావడానికి చాలాసేపు పడుతుంది. జతకట్టే కాలంలో మగతొండ వీపు ఎర్రగా, పక్కలు నల్లగా మారతాయి. తల పైకీ కిందికీ ఆడిస్తుంది. ఆడది రాయి రంగే, దాన్ని కనిపెట్టడమే అసలు ఆట!

పగుళ్లలో చేతులు పెట్టనివ్వద్దు, తేళ్లుంటాయి. రాయి ఎత్తాలంటే పెద్దవాళ్లే, అవతలి అంచు పట్టుకుని తమవైపు లేపాలి. అప్పుడు లోపలున్నది అటువైపు పోతుంది. చూశాక రాయిని ఉన్నచోటే పెట్టేయండి, కింది తేమే వాటి ఇల్లు.

మూసిన బూట్లు, తలకో లీటరు నీళ్లు. పొద్దున పదికల్లా దిగిపోవాలి, బండ కాలిపోతుంది.

రామనగరలో కొండచరియలపై తెల్లటి చారలు వెతకండి: అవి రాబందుల రెట్టలు.