కొత్త యూజర్ హోమ్ డైరెక్టరీ అందరికీ తెరిచే ఉంటోందా? కారణం ఇక్కడుంది

సమస్య ఇలా కనిపిస్తుంది. లినక్స్ సర్వర్‌లో రవికి, లతకి అకౌంట్లు ఇచ్చారు. లత లాగిన్ అయి రవి సొంత ఫోల్డర్ (హోమ్ డైరెక్టరీ) అయిన /హోమ్/రవి లోకి వెళ్లి ఎల్ఎస్ (ఫైళ్ల జాబితా చూపే కమాండ్) కొడితే ఫైళ్లన్నీ బయటపడుతున్నాయి, తెరిస్తే చాలావరకు చదవడానికి కూడా వస్తున్నాయి. రాయడానికి మాత్రం రాదు కాబట్టి చాలామంది దీన్ని పట్టించుకోరు. కానీ ఆ ఫోల్డర్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న కాన్ఫిగ్ ఫైలో, నిన్న తీసిన బ్యాకప్పో ఉంటే చదవగలగడమే చాలు, కొంప మునగడానికి.

ముందు చూసుకోండి: స్టాట్ -సీ '%ఏ %ఎన్' /హోమ్/* అని కొడితే ప్రతి డైరెక్టరీ ముందు ఒక అంకె వస్తుంది. 755 వస్తే అందరికీ తెరిచి ఉన్నట్టు. 750 అయితే ఓనరు, ఆ గ్రూపువాళ్లు మాత్రమే. 700 అయితే ఓనరు ఒక్కరే. ఇది రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న అడ్మిన్ అకౌంట్‌తో) లోపలికి వెళ్లి పరీక్షించకండి, రూట్‌ని ఏ పర్మిషనూ ఆపదు. సుడో -యూ లత ఎల్ఎస్ /హోమ్/రవి అని ఇంకో యూజర్ పేరుతోనే చూడాలి.

చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు, నేనూ ఇరుక్కున్నాను. /ఈటీసీ/లాగిన్.డెఫ్స్ తెరిచి యూమాస్క్‌ని (కొత్తగా పుట్టేవాటికి ఏ పర్మిషన్లు తీసేయాలో చెప్పే అంకె) 022 నుంచి 077కి మార్చి, ఉబుంటు మెషిన్‌లో యాడ్‌యూజర్‌తో కొత్త అకౌంట్ చేసి చూస్తే మళ్లీ అదే 755. సేవ్ కాలేదేమో అనుకుని మూడుసార్లు ఫైలు తెరిచి చూశాను, రీబూట్ కూడా చేశాను. ఫైల్లో తప్పేమీ లేదు, యాడ్‌యూజర్ హోమ్ పర్మిషన్ కోసం ఆ ఫైలు వైపే చూడదు, అంతే.

అసలు కారణం ఇదే: హోమ్ డైరెక్టరీని ఎవరు తయారుచేస్తున్నారో వాళ్లే దాని పర్మిషన్ పెడతారు, ఒక్కొక్కరు ఒక్కో చోటు చదువుతారు. కాబట్టి మీరు ఏ కమాండ్ వాడుతున్నారో తేల్చుకోకుండా ఏ ఫైలు మార్చినా శ్రమ దండగ.

డెబియన్, ఉబుంటులలో యాడ్‌యూజర్ వాడుతుంటే /ఈటీసీ/యాడ్‌యూజర్.కాన్ఫ్‌లో డిర్_మోడ్ అనే లైను చూడండి. అక్కడ 0755 ఉంటే 0750 చేయండి. ఆ లైను ముందు హ్యాష్ గుర్తు ఉంటే తీసేయాలి, లేకపోతే అది కామెంట్‌గానే మిగిలిపోతుంది. ఉబుంటు 21.04 నుంచి కొత్త ఇన్‌స్టాలేషన్లలో ఇది 0750గానే వస్తోంది. పాత వెర్షన్ సర్వర్లలో మాత్రం చేత్తో మార్చాలి.

యూజర్‌యాడ్ వాడుతుంటే (రెడ్ హ్యాట్, ఫెడోరా వాళ్లంతా దాదాపు ఇదే) లాగిన్.డెఫ్స్‌లో హోమ్_మోడ్ అనే సెట్టింగ్ ఉంటుంది, అక్కడ 0700 అనో 0750 అనో రాయండి. షాడో ప్యాకేజీ (యూజర్‌యాడ్ వచ్చేది ఇందులోనే) పాతదైతే హోమ్_మోడ్ ఉండదు, అప్పుడు యూమాస్క్ నుంచే లెక్కగడుతుంది: 022 అయితే 755, 027 అయితే 750, 077 అయితే 700. రెండూ ఉంటే హోమ్_మోడ్‌దే పైచేయి. ఒక్క యూజర్‌కి మాత్రమే వేరుగా కావాలంటే ఫైలు ముట్టుకోనక్కర్లేదు, యూజర్‌యాడ్ -ఎం -కే హోమ్_మోడ్=0700 అని (-కే ఇక్కడ పెద్ద అక్షరం) చివర పేరు ఇస్తే సరిపోతుంది.

ఎల్‌డ్యాప్, యాక్టివ్ డైరెక్టరీ లాంటి కేంద్ర యూజర్ జాబితాల నుంచి యూజర్లు వస్తుంటే ఈ రెండు కమాండ్లకీ సంబంధమే లేదు. వాళ్ల హోమ్ మొదటిసారి లాగిన్ అయినప్పుడు పుడుతుంది. ఆ పని పామ్_ఎంకేహోమ్‌డిర్ (లాగిన్ సమయంలో హోమ్ తయారుచేసే మాడ్యూల్) చేస్తుంటే /ఈటీసీ/పామ్.డీ లో ఆ మాడ్యూల్ పేరున్న లైను చివర యూమాస్క్=0077 చేర్చండి. ఆడ్‌జాబ్ అనే బ్యాక్‌గ్రౌండ్ సర్వీస్ చేస్తుంటే దాని కాన్ఫిగ్‌లో ఎంకేహోమ్‌డిర్ హెల్పర్‌కి -యూ 0077 ఇచ్చి సర్వీస్ రీస్టార్ట్ చేయాలి.

750 పెట్టినా పక్కవాళ్లకి కనిపిస్తూనే ఉందా? ఐడీ కమాండ్‌తో గ్రూపు చూడండి. మామూలుగా ప్రతి యూజర్‌కి తన పేరుతోనే గ్రూపు ఉంటుంది కాబట్టి 750 భద్రమే. కానీ అందరినీ యూజర్స్ అనే ఒకే గ్రూపులో వేసిన సర్వర్‌లో 750కీ 755కీ పెద్ద తేడా ఉండదు, అక్కడ 0700 పెట్టాల్సిందే. నన్నడిగితే ఎవరి ఫైళ్లు ఎవరికీ అక్కర్లేని చోట మొదటినుంచీ 0700 పెట్టుకోవడమే మేలు.

ఇవన్నీ కొత్త యూజర్లకే వర్తిస్తాయి, పాతవాళ్ల హోమ్ అలాగే ఉండిపోతుంది. దానికి సీహెచ్‌మాడ్ 750 /హోమ్/* ఒక్కసారి కొట్టండి. దయచేసి -ఆర్ పెట్టొద్దు! పెడితే లోపల ఉన్న ప్రతి ఫైలుకీ 750 పడుతుంది, 600లో ఉండాల్సిన ఎస్ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ (పాస్‌వర్డ్ బదులు రిమోట్ లాగిన్‌కి వాడే రహస్య ఫైలు) గ్రూపుకి తెరుచుకుంటుంది, ఇక ఎస్ఎస్‌హెచ్ ఆ కీని వాడనంటుంది. హోమ్‌కి గ్రూపు రైట్ పర్మిషన్ ఇచ్చినా, అంటే 775 పెట్టినా, కీతో లాగిన్ ఆగిపోతుంది. లాగ్‌లో ఓనర్‌షిప్ లేదా మోడ్ బాగోలేదన్న ఫిర్యాదు కనిపిస్తే కారణం ఇదే.

మార్చిన మర్నాడు ఎవరైనా తమ వెబ్ పేజీకి 403 (అనుమతి లేదనే ఎర్రర్) వస్తోందని టెన్షన్ పడుతూ వస్తే, వాళ్ల సైటు హోమ్‌లోని పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్‌లో ఉందేమో చూడండి. వెబ్ సర్వర్ అక్కడికి చేరాలంటే హోమ్ గుండానే దాటాలి, ఆ దారి ఇప్పుడు మూసేశారు. మళ్లీ 755కి పోకండి. సెట్‌ఎఫ్ఏసీఎల్ -ఎం యూ:డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా:ఎక్స్ అని ఆ ఒక్క హోమ్‌కి ఇస్తే (డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అంటే డెబియన్, ఉబుంటులలో వెబ్ సర్వర్ నడిచే యూజర్ పేరు) వెబ్ సర్వర్ దాటి వెళ్లగలదు, లోపల ఏమేం ఉన్నాయో జాబితా మాత్రం చూడలేదు.

చివరగా టెస్ట్1 అని ఒక యూజర్‌ని రోజూ వాడే కమాండ్‌తోనే సృష్టించి స్టాట్ కొట్టి చూడండి. కోరుకున్న అంకె వస్తే యూజర్‌డెల్ -ఆర్ టెస్ట్1 అని తీసేయండి. రాకపోతే ఆ కమాండ్ చదివే ఫైలు వేరే ఉంది, ఆ కమాండ్ మ్యాన్ పేజీ (సహాయ పత్రం) చివర్లో ఫైల్స్ అనే భాగంలో దాని పేరు ఉంటుంది.