చెంబరంబాక్కం నిండుతోందంటే ఇంట్లో ఏం సర్దుకోవాలి

2015 డిసెంబర్ 1న మేము చెన్నై జాఫర్‌ఖాన్‌పేటలో, అడయారు నదికి దగ్గరగా, గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుండేవాళ్లం. రాత్రి మా వైపు వాన కాస్త తెరిపిచ్చింది, హమ్మయ్య అని పడుకున్నాం. నీళ్లు ఆ తర్వాతే వచ్చాయి, అదీ వీధి గుమ్మంలోంచి కాదు, బాత్రూమ్ తూములోంచి నల్లగా బుడబుడమంటూ పొంగాయి. ఊరికి పడమరనున్న చెంబరంబాక్కం చెరువు నుంచి అప్పుడు అడయారులోకి సుమారు 29,000 క్యూసెక్కులు వదిలారు, అంటే సెకనుకు 8 లక్షల లీటర్ల పైమాటే.

అందుకే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మీ వీధిలో వాన ఎంత పడుతోందన్నదే కాకుండా చెరువు మట్టం కూడా రోజూ చూడండి. చెంబరంబాక్కం పూర్తి మట్టం 24 అడుగులు. 22 దాటాక భారీ వానల రెడ్ అలర్ట్ వచ్చిందంటే నేనైతే నీళ్లు వదిలారన్న వార్త కోసం ఆగను, అప్పుడే సర్దడం మొదలుపెడతాను. సముద్రాన్నీ మర్చిపోవద్దు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను తీరం దాటింది మన బాపట్ల దగ్గరే అయినా ముంచింది చెన్నైని, ఎందుకంటే తీరం పక్కనే నెమ్మదిగా కదిలింది, పోటెత్తిన సముద్రం ఊళ్లో నీటిని తీసుకోలేదు.

ఇలాంటి వానలు ఇంకా పెరుగుతాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకుంటుంది, కురిసేటప్పుడు అదంతా ఒక్కసారే దిగుతుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద 200 మిల్లీమీటర్లు పడితే 20,000 లీటర్లు, దాదాపు రెండు ట్యాంకర్ లారీలు, అదీ ఒక్క ఇంటి మీదే. మన వీధి కాలవలు అంత నీటికి కట్టినవి కావు.

ముందు బాత్రూమ్ చూసుకోండి. మందపాటి ప్లాస్టిక్ కవర్లలో ఇసుక నింపి, మూతి గట్టిగా కట్టి, తూముల మీదా కమోడ్‌లోనూ పెట్టండి, గుమ్మానికి గోతాలు అడ్డం వేసేది దీని తర్వాతే. కరెంటు ఉండగానే పైట్యాంకు నింపేసి, సంప్ మూత చుట్టూ ప్లాస్టిక్ పట్టా కప్పి బరువు పెట్టండి, ఎందుకంటే సంప్‌లోకి మురుగు చేరితే వరద తీసినా తాగడానికీ వండడానికీ నీళ్లుండవు. నీళ్లు కింది ప్లగ్ పాయింట్ దాకా రాకముందే మెయిన్ ఆపేయండి. సిలిండర్ రెగ్యులేటర్ తీసేసి, తేలిపోకుండా కిటికీ చువ్వకు కట్టండి. పెద్దవాళ్ల మందులు వారానికి సరిపడా, పత్రాలు జిప్ కవర్లో, రెండూ ఒకే సంచిలో పెట్టి పైఅంతస్తు వాళ్లకు ముందే ఇచ్చెయ్యండి.

మునిగిన బండిని స్టార్ట్ చేయొద్దు, ఇంజిన్‌లోకి నీళ్లెళ్లి మొత్తం పోతుంది, మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లడమే. నీళ్లు నిలిస్తే చెన్నై కార్పొరేషన్ నంబర్ 1913, తీగ తెగి పడితే కరెంటు వాళ్లది 94987 94987.

వరద నీళ్లలో నడిచాక కాళ్లు సబ్బుతో కడుక్కోండి, పుండ్లుంటే అసలు దిగకండి. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరమూ పిక్కల నొప్పీ వస్తే, నీళ్లలో నడిచామని డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. ఎలుక జ్వరం కావచ్చు, తొందరగా పట్టుకుంటే మందులతో తగ్గుతుంది.