లోకల్ రైళ్ల లైన్ మీద గూడ్స్ షంటింగ్: లాంగ్ ఐలాండ్ పద్ధతి

న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలాండ్ రైల్ రోడ్ పట్టాల మీద 1997 నుంచి సరుకు నడిపేది న్యూయార్క్ అండ్ అట్లాంటిక్ అనే చిన్న కంపెనీ. పట్టాలూ, రైళ్లకు దారి ఇచ్చే డిస్పాచరూ ప్రయాణికుల రైల్వేవే. అందుకే పనిలో ఎక్కువ భాగం రాత్రిపూట, లేదా రద్దీ తగ్గాక.

సగం షంటింగ్ పని, అంటే వ్యాగన్లను విడదీసి, కలిపి, వరస పెట్టడం, బండి బయల్దేరే ఫ్రెష్ పాండ్ యార్డులోనే తేలిపోవాలి. ముందు దిగే కస్టమర్ వ్యాగన్లను బండి తోకకు పెట్టండి. సైడింగ్ (కస్టమర్ దగ్గరికి వెళ్లే పక్క పట్టా) పాయింట్లు, అంటే దారి మార్చే పట్టాలు, వెనుకవైపు తెరుచుకుంటే, దాటి ఆగి, వెనక్కి తోస్తే చాలు. ముందువైపు తెరుచుకునేవైతే ఇంజన్ లోపల ఇరుక్కుంటుంది. ఆ సైడింగ్‌ను తిరుగు ప్రయాణానికి వదిలేయండి.

అసలు చిక్కు మార్పిడిలో. సైడింగ్‌లో ఒకే పట్టా ఉంటే, ఖాళీ వ్యాగన్ బయటికి లాగి నిండుది లోపల పెట్టేదాకా ఏదో ఒకటి మెయిన్ లైన్ మీదే నిలబడాలి. డిస్పాచర్‌ని ఆ టైమూ కలిపి అడగండి. తక్కువ చెబితే వెనకాల లోకల్ ఆగిపోతుంది, మరుసటి రాత్రి మీ మాట చెల్లదు.

లైన్ పక్కనే రైళ్లకు కరెంటు ఇచ్చే మూడో పట్టాలో 750 వోల్టులు; వ్యాగన్లను కలిపే కప్లింగ్ దగ్గరికి అటువైపు నుంచి వెళ్లొద్దు. లోపల పెట్టాక హ్యాండ్‌బ్రేక్ బిగించి, ఇంజన్ కాస్త లాగి పట్టిందో లేదో చూడండి. బయటికొచ్చాక డీరైల్ (లోపలి వ్యాగన్ జారి మెయిన్ మీదికి రాకుండా పట్టా తప్పించే పరికరం) వేసి, పాయింట్లు మెయిన్‌కి తిప్పి తాళం వేశాకే లైన్ వదిలామని చెప్పండి.