వ్యసనం నుంచి కోలుకుంటూ హాఫ్ మారథాన్‌కు సిద్ధం కావడం ఎలా?

మద్యమో, మత్తుమందో మానేశాక రోజులో పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. సాయంత్రాలు గడవవు, తెల్లవారుజామున మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. ఆ ఖాళీని పరుగు బాగానే నింపుతుంది. అయితే పరుగు చికిత్స కాదు, చికిత్సకు తోడు. కౌన్సెలింగ్, మందులు, మానేసినవాళ్లు కలిసి కూర్చునే మీటింగులు ముందు, రేసు ఆ తర్వాత. ప్రణాళిక వేసుకునేటప్పుడే ఒక ప్రశ్న వేసుకోండి: రేపు మడమ బెణికి రెండు నెలలు పరుగెత్తలేకపోతే, మానేసిన అలవాటుకు దూరంగా ఉండటానికి నా దగ్గర ఇంకేముంది? దీనికి జవాబు దొరికాకే కింది మెట్లు.

1. తొలి రోజుల్లో పరుగు వద్దు

ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి ఒళ్లు కాలిపోతుంది, మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి. అది ప్రాణాంతకం. నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు ఎక్కువకాలం వాడినవాళ్లు సొంతంగా ఆపినా ఫిట్స్ రావచ్చు. ఈ రోజులు వైద్యుల పర్యవేక్షణలో గడవాలి.

వాంతులు, చెమటలు, సరిగా తినకపోవడం వల్ల ఒంట్లో పొటాషియం, మెగ్నీషియం పడిపోయి ఉంటాయి. అవి తక్కువగా ఉన్నప్పుడు గుండెకు శ్రమ పెడితే లయ తప్పే ప్రమాదం ఉంది. వణుకు పూర్తిగా పోయి, మూడు పూటలా తినగలుగుతూ, రాత్రి కనీసం ఐదారు గంటలు నిద్రపోతూ, డాక్టరు సరేనన్నాక నడక మొదలుపెట్టండి.

2. చేయించుకోవాల్సిన పరీక్షలు

ఈసీజీ అందరికీ అవసరం. ఏళ్ల తరబడి తాగినవాళ్లకు గుండె కండరం బలహీనపడి ఉండొచ్చు. కొకైన్, యాంఫెటమైన్ లాంటి ఉత్ప్రేరకాలు గుండె రక్తనాళాలను దెబ్బతీస్తాయి. ఈ రెండు రకాల వాళ్లూ ఎకో (గుండె స్కాన్) కూడా అడగండి. మెథడోన్ (నల్లమందు తరహా మత్తు అలవాటుకు ఇచ్చే మందు) తీసుకునేవారికి ఈసీజీలో క్యూటీ అనే వ్యవధి పెరిగి గుండె లయ తప్పే అవకాశం ఉంటుంది కాబట్టి, పరుగు సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. రక్తంలో కాలేయం, కిడ్నీ, సోడియం, పొటాషియం, మెగ్నీషియం, బి12, ఫోలేట్, విటమిన్ డి చూపించుకోండి. తాగేవాళ్లలో బి1 లోపం మామూలే, దాన్ని మాత్రగా తీసుకోవాలో ఇంజెక్షన్‌గా తీసుకోవాలో డాక్టరును అడగండి.

చాలామంది వదిలేసేది పాదాల పరీక్ష. దీర్ఘకాలం తాగితే నరాలు దెబ్బతిని అరికాళ్లకు స్పర్శ తగ్గుతుంది. కళ్లు మూసుకుని, మరొకరిని దూదితో బొటనవేళ్లు తాకమనండి. ఎక్కడ తాకారో చెప్పలేకపోతే బొబ్బ చిట్లినా, చర్మం ఒరుసుకున్నా మీకు తెలియదు. అలాంటివాళ్లు ప్రతి పరుగు తర్వాత సాక్సులు విప్పి, అద్దం పెట్టుకుని మరీ అరికాళ్లు చూసుకోవాలి. మద్యం ఎముకలను కూడా పలచబరుస్తుంది. అందుకే ఒకే చోట వేలు పెట్టి చూపించగలిగే ఎముక నొప్పి వారం దాటి ఉంటే పరుగు ఆపి పరీక్ష చేయించుకోండి. అది సన్నటి పగులు కావచ్చు.

3. రేసు, తేదీ

మానేసి మూడు నెలలు నిండకముందు ఏ రేసుకూ డబ్బు కట్టవద్దు. ఆ తర్వాత ఒక 5 కిలోమీటర్లు, ఒక 10 కిలోమీటర్లు, దరిదాపు తొమ్మిది నెలలకు హాఫ్ మారథాన్, అంటే 21.1 కిలోమీటర్లు. ఫుల్ మారథాన్ 42.195 కిలోమీటర్లకు కనీసం ఏడాది ఆగడం మంచిది. దాని శిక్షణ వారాంతాలను మింగేస్తుంది, మీటింగులకు ఎసరు పెడుతుంది.

మానేసిన రోజుకు సరిగ్గా ఏడాది నిండే నాడే రేసు పెట్టుకోవాలని చాలామందికి ఉంటుంది. వద్దు. రేసు దెబ్బతింటే ఆ ఏడాది కష్టం కూడా ఓడిపోయినట్టు అనిపిస్తుంది. రెండిటినీ వేరుగా ఉంచండి.

4. 26 వారాల ప్రణాళిక

1–4 వారాలు: వారానికి నాలుగు రోజులు 30 నిమిషాల చురుకైన నడక.

5–12 వారాలు: ఒక నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక, ఇలా ఎనిమిదిసార్లు. ప్రతి వారం పరుగు కొంచెం పెంచి, నడక కొంచెం తగ్గిస్తూ పోతే 12వ వారానికి 30 నిమిషాలు ఆగకుండా పరుగెత్తగలగాలి. అందకపోతే అదే వారాన్ని మళ్లీ చేయండి, రేసును తర్వాతి తేదీకి మార్చుకోండి.

13–16 వారాలు: వారానికి మూడు పరుగుల నుంచి నాలుగుకు, మొత్తం 15 నుంచి 22 కిలోమీటర్లకు.

17–24 వారాలు: వారంలో ఒక లాంగ్ రన్, అంటే ఆ వారంలో అన్నిటికన్నా ఎక్కువ దూరం పరుగు. వరుసగా 8, 10, 11, 8, 13, 15, 11, 17 కిలోమీటర్లు. మధ్యలో తగ్గించిన వారాలు ఎముకలు, కండరాలు కుదురుకోవడానికి, వాటిని దాటేయవద్దు. మిగతా మూడు పరుగులు ఒక్కొక్కటి 5 నుంచి 8 కిలోమీటర్లు. లాంగ్ రన్ ఒక్కటే వారం మొత్తంలో సగాన్ని దాటకూడదు.

25–26 వారాలు: దూరం ముందు మూడో వంతు తగ్గించండి, చివరి వారం సగానికి తెండి.

వేగం సరిగ్గా ఉందో లేదో నోటితోనే తేలుతుంది. పూర్తి వాక్యం ఆయాసం లేకుండా చెప్పగలగాలి. ఆందోళనకు ప్రొప్రనలాల్ లాంటి మాత్ర వాడేవాళ్లు చేతి గడియారం చూపే గుండె వేగాన్ని నమ్మకూడదు. ఆ మాత్ర గుండె వేగాన్ని తొక్కిపెడుతుంది, ఎంత కష్టపడుతున్నారో అంకె చెప్పదు.

5. పరుగు మధ్యలో యావ లేస్తే

మామూలు పరుగు పుస్తకాల్లో దొరకని సంగతి ఇది. గుండె దడ, చెమట, నోరు ఎండిపోవడం, కాళ్లలో వణుకు... ఇవన్నీ పరుగులో సహజం. కానీ ఒంటికి అవి వేరే జ్ఞాపకాలు. మద్యం ఆపిన తొలి రోజుల్లో ఇవే వచ్చాయి, ఉత్ప్రేరకం వాడినప్పుడూ ఇవే వచ్చాయి. అందుకని మూడో కిలోమీటరులో కారణం లేకుండా భయమో, తాగాలన్న యావో తన్నుకొస్తుంది. దాన్ని బలహీనత అనుకుని ఇంకా గట్టిగా పరుగెత్తేవాళ్లున్నారు. దానివల్ల దడ పెరుగుతుంది తప్ప ఒరిగేదేమీ లేదు.

నడకలోకి దిగండి. రెండు నిమిషాల పాటు గాలి పీల్చిన దానికన్నా వదలడం ఎక్కువసేపు ఉండేలా చూడండి. తర్వాత చివరిసారి ఎప్పుడు తిన్నారో గుర్తు చేసుకోండి. రక్తంలో చక్కెర తగ్గినప్పుడు కలిగే చిరాకు, వణుకు యావలాగే ఉంటాయి, అరటిపండుతో తగ్గిపోతాయి. నిజంగా యావే అయితే అది అలలా లేచి సాధారణంగా అరగంట లోపు దిగుతుంది. ఆ అరగంట నడుస్తూ ఎవరితోనైనా ఫోన్‌లో మాట్లాడండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, పరుగు ఆపిన తర్వాత కూడా దడ తగ్గకపోవడం మాత్రం ఈ లెక్కలోకి రావు. అవి ఆసుపత్రికి వెళ్లాల్సిన లక్షణాలు. టీ డికాక్షన్ రంగులో మూత్రం వచ్చినా అంతే, కండరం కరిగి కిడ్నీల మీద పడుతోందేమో చూడాలి.

పరుగు తర్వాత ఒకటి నుంచి మూడు రోజులు ఒళ్లు పచ్చిపుండులా ఉండొచ్చు. మత్తుమందులు మానేసినవాళ్లకు ఇది పాత విత్‌డ్రాయల్ (మత్తు ఆపినప్పుడు వచ్చే) నొప్పుల్లా తోచి కంగారు పుడుతుంది. తేడా ఏమిటంటే, పరుగు నొప్పి వాడిన కండరాల్లోనే ఉంటుంది, కదిలిస్తే సడలుతుంది, ముక్కు కారడం, విరేచనాలు ఉండవు.

అసలు గండం లాంగ్ రన్ ముగిసిన రెండు గంటలు. ఆకలి, అలసట, ఒంటరితనం ఒకేసారి చుట్టుముడతాయి, దానికి తోడు "సాధించాను, ఒక్కటి పుచ్చుకోవచ్చు" అన్న ఆలోచన. అందుకే గంటలోపు భోజనం సిద్ధంగా ఉండాలి, ఆ తర్వాత ఎవరినో కలిసే పని ఉండాలి. దారి ఎంపికలో కూడా పాత అడ్డాలు తగలకుండా చూసుకోండి. రోజులో ఏ గంటకు యావ ఎక్కువో ఆ గంటకు తేలికపాటి పరుగు పెట్టండి. కఠినమైన పరుగు మాత్రం పడుకోవడానికి మూడు గంటల ముందే అయిపోవాలి, నిద్ర ఇప్పటికే పలచగా ఉంది.

6. తిండి, నీళ్లు, జెల్‌లు

పరుగుకు గంట ముందు, బరువులో కిలోకు ఒక గ్రాము చొప్పున పిండిపదార్థం. గంటన్నర దాటే పరుగులో గంటకు 30 నుంచి 60 గ్రాములు. జెల్‌ల (పరుగులో తినే చక్కెర గుజ్జు ప్యాకెట్ల) మీద కెఫీన్ ఉందో లేదో చదవండి. ఉత్ప్రేరకాలు మానినవాళ్లకు, నిద్రలేనివాళ్లకు అది అక్కర్లేదు, వ్యాయామానికి ముందు తాగే పొడులు అసలే వద్దు. నీళ్లు దాహానికి తగినన్ని. అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, కొన్ని డిప్రెషన్ మాత్రలు కూడా దాన్ని తగ్గిస్తాయి.

డైసల్ఫిరమ్ (మద్యం తగిలితే ఒంటికి పడకుండా చేసే మందు) వాడేవారు నొప్పికి కొట్టుకునే స్ప్రేలు, మౌత్‌వాష్, దగ్గు మందుల్లో ఆల్కహాల్ ఉందేమో చూడాలి.

7. దెబ్బ తగిలితే

పరుగుకు ముందుగానీ పరుగులోగానీ ఐబుప్రొఫెన్ వద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది కిడ్నీలకు, తాగి పాడైన కడుపుకు చేటు. కాలేయం దెబ్బతిని ఉంటే పారాసెటమాల్ ఎంత వేసుకోవాలో డాక్టరే చెప్పాలి. ట్రమడాల్, కోడీన్ ఓపియాయిడ్లు, అంటే అలవాటు పడే నల్లమందు తరహా నొప్పిమందులు. ఎవరు రాసిచ్చినా మీ గతం చెప్పండి, తప్పనిసరైతే మాత్రలు ఇంట్లో మరొకరి దగ్గర ఉంచి రోజువారీగా తీసుకోండి. నాల్ట్రెక్సోన్ (యావ తగ్గించడానికి ఇచ్చే, ఓపియాయిడ్ల ప్రభావాన్ని అడ్డుకునే మందు) మీద ఉన్నవాళ్లకు ఓపియాయిడ్ నొప్పిమాత్రలు పనిచేయవు. పనిచేయలేదని ఎక్కువ వేసుకోవడం ప్రాణాల మీదకు తెస్తుంది. ఆ సంగతి రాసిన కార్డు పరుగులో కూడా జేబులో ఉండాలి.

పరుగు ఆగినా ఆ గంటను ఖాళీగా వదలవద్దు. అదే వేళకు ఈత, సైకిల్, అదీ కుదరకపోతే కూర్చుని చేసే వ్యాయామం.

8. పరుగే వ్యసనమైతే

దెబ్బతో పరుగెత్తడం, చేసిన దూరాన్ని దాచడం, మీటింగు ఎగ్గొట్టి పరుగుకు పోవడం, విశ్రాంతి రోజున ఇంట్లోవాళ్ల మీద విరుచుకుపడటం. వీటిలో రెండు కనిపిస్తే కౌన్సెలర్‌కు చెప్పండి. ప్రణాళిక కాపీ ఒకటి మరొకరి చేతిలో ఉండాలి, దూరం పెంచే మాట వాళ్లతో కలిసి తేలాలి.

9. రేసు రోజు, మర్నాడు

ముందు రాత్రి నిద్ర పట్టదు, అది అందరికీ మామూలే, మాత్ర కోసం వెతకవద్దు. మొదటి 5 కిలోమీటర్లు అనుకున్న వేగం కంటే కిలోమీటరుకు 15 సెకన్లు నెమ్మదిగా. కొన్ని రేసుల్లో ముగింపు దగ్గర బీరు పంచుతారు, కాబట్టి మీ మనిషి గీత దాటగానే ఎదురుగా ఉండేలా ముందే మాట్లాడుకోండి. ఆల్కహాల్ లేని బీరు కూడా వద్దు, వాసన, రుచి చాలు యావను లేపడానికి.

రేసు అయ్యాక వారం పది రోజులు మనసు చప్పబడుతుంది, లక్ష్యం లేక ఉదయాలు వెలితిగా ఉంటాయి. మర్నాటి మీటింగును ముందే ఖాయం చేసుకోండి. వెంటనే ఇంకో రేసుకు డబ్బు కట్టవద్దు.

10. మధ్యలో మళ్లీ అలవాటులోకి జారితే

"చెమటతో కక్కించేద్దాం" అని పరుగుకు బయలుదేరవద్దు. మద్యంలో చాలా భాగాన్ని కాలేయమే తన వేగంతో కరిగిస్తుంది, చెమటలో పోయేది అతి తక్కువ. హ్యాంగోవర్‌లో పరుగెత్తితే గుండె లయ తప్పొచ్చు. అదే రోజు ఎవరికైనా చెప్పండి. ఓపియాయిడ్లు మానినవాళ్లకు ఇక్కడే అసలు ప్రాణాపాయం: మందును తట్టుకునే శక్తి ఒంట్లో తగ్గిపోయి ఉంటుంది, పాత మోతాదే చంపేయొచ్చు. నలోక్సోన్ (ఓపియాయిడ్ మోతాదు మించితే ఇచ్చే విరుగుడు) ఇంట్లో ఉంచి, అది ఎలా ఇవ్వాలో తోటివారికి నేర్పించి ఉండాలి.

డాక్టరు అనుమతించాక తిరిగి మొదలుపెట్టేటప్పుడు, వారంలోపు విరామమైతే ఆగిన వారాన్నే మళ్లీ చేయండి. రెండు వారాలైతే దూరాన్ని సగానికి తగ్గించి రెండు వారాల్లో పాత చోటికి రండి. నెల దాటితే 5వ వారం నుంచి, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో.